సరే అనే పెట్టె

ఆ లైను రాసింది నేనే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలికవుతుందనుకున్నాను. మొదటి వాక్యం రాసి చూసుకుంటే ఏమీ తేలిక కాలేదు.

నా పేరు సన్యాసిరావు. విశాఖపట్నంలో మధురవాడ దాటాక కొండ పక్కన మూడంతస్తుల భవనంలో మా ప్రయోగశాల ఉంది. కింద పన్నెండు పడకల వార్డు, పైన కంప్యూటర్ల ముందు మేము. కాళ్ళూ చేతులూ నోరూ అన్నీ పడిపోయి, బుర్ర మాత్రం శుభ్రంగా పనిచేస్తున్న మనుషుల కోసం మేమొక యంత్రం తయారుచేశాం. నుదుటికి ఒక పట్టీ, మంచం పక్కన చెప్పులడబ్బా అంత పెట్టె. మనిషి ఒక మాట అనాలని లోపల గట్టిగా అనుకుంటే పట్టీ ఆ అలికిడిని పట్టుకుంటుంది, పెట్టె దాన్ని పైకి పలుకుతుంది. ఆ మనిషి పాత వీడియోలేవైనా దొరికితే వాళ్ళ గొంతుతోనే పలుకుతుంది.

ఆ పన్నెండింటిలో నాలుగో పడక మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం.

మా అప్ప పేరు నూకరత్నం. పదహారేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. పెళ్ళెప్పుడని ఎవరైనా అడిగితే, రోజుకి నాలుగొందలమందితో వేగుతున్నాను, ఇంకొకడు కూడానా అనేది. నోరు పెద్దది. ఆవిడ బస్సెక్కితే చివరి సీటువాడు కూడా చిల్లర తీసి పట్టుకునేవాడు. కానీ ఎక్కడో పొలం గట్టు మీద ఒక మనిషి చెయ్యెత్తి పరిగెత్తుకొస్తున్నాడంటే మాత్రం, బస్సు ఎంత లేటైనా సరే, రేకు మీద చేత్తో బాది "హోల్డాన్" అని కేకేసేది. ఆ మనిషి ఎక్కి ఊపిరి పీల్చుకున్నాకే రైట్ రైట్. డ్రైవర్లు సణిగేవాళ్ళు. ఆవిడ ఖాతరు చేసేది కాదు.

రెండేళ్ళ కిందట డిపోలోనే మెట్ల మీద కూలబడింది. మెదడులో నరం చిట్లింది. బతికింది గానీ కనురెప్పలు తప్ప ఏదీ కదల్లేదు. అమ్మ ఊళ్ళో ఇంటికి తాళం వేసొచ్చి అప్ప మంచం పక్కన చేరింది. ఒక రెప్ప వేస్తే అవును, రెండేస్తే కాదు. తల్లీకూతుళ్ళు ఆ ఒకటీ రెండుతోనే ఏడాది నడిపేశారు. పొద్దున్నే అమ్మ గుడ్డ తడిపి పట్టుకుని, మొహం తుడవనా అని అడిగి, కళ్ళలోకి చూస్తూ ఆగేది. రెప్ప పడితేనే తుడిచేది. నేను ఎదురుగా నిలబడి, అడగడమెందుకమ్మా తుడిచెయ్యక అని విసుక్కున్న రోజులున్నాయి.

యంత్రం వచ్చాక మొదట నలభై మాటలు పలికింది. అవి పట్టీ అమ్మిన కంపెనీవాళ్ళు తమ ప్రోగ్రాములోనే పెట్టిచ్చినవి. నీళ్ళు, ఆకలి, నొప్పి, చలి, సరే లాంటి అవసరపు మాటలు. కాదు, వద్దు లాంటివి ఆ పట్టీకి సరిగా చిక్కేవి కావు. అందుకని వాటిని మేమే నేర్పాం. ఆ రెండో జాబితాలో ఏం కావాలో ఎంచుకోమని అప్పనడిగాం. అమ్మ వర్ణమాల చదువుతూ పోతుంటే రెప్పలతో ఒక్కొక్క అక్షరమే ఏరింది. మొదటి మాట హోల్డాన్.

పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు పెట్టెలోంచి అప్ప గొంతు, అదే బస్సు గొంతు, "హోల్డాన్" అంది. కాఫీ బండి తోసుకొస్తున్న ఆయా టక్కున ఆగిపోయింది. అమ్మ నవ్వుతూ కొంగు కళ్ళకద్దుకుంది. ఆ రోజు నా అంత మొనగాడు లేడనుకున్నాను.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. మా ప్రోగ్రాము జావా అనే కంప్యూటర్ భాషలో రాసింది. జావాలో ఎవరూ అన్నీ సొంతంగా రాసుకోరు, ఇతరులు రాసిపెట్టిన లైబ్రరీలు తెచ్చి వాడుకుంటారు. మేమూ పట్టీ కంపెనీవాళ్ళూ ఒకే చిన్న లైబ్రరీని వాడేవాళ్ళం. అందులో ‘మాట’ అని ఒక రకం ఉండేది. మెదడు నుంచి వచ్చిన ప్రతి పలుకునీ ఆ రకంలో పెట్టి అటూ ఇటూ అందించుకునేవాళ్ళం. ఏప్రిల్‌లో ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చింది. పెట్టె గొంతుకి హెచ్చుతగ్గులు వస్తాయని మేము కొత్తదానికి మారిపోయాం. కంపెనీవాళ్ళు పాతదానిలోనే ఉండిపోయారు. పెట్టెలోకి రెండూ చేరాయి.

రెండు కంపెనీల కుక్కర్ల మూతలు పక్కపక్కన పెడితే చూడ్డానికి ఒకేలా ఉంటాయి, దీని మూత దానికి పట్టదు. ఇదీ అంతే. పేరు ఒకటే, రకం వేరు. కంపెనీవాళ్ళ నలభై మాటలు పాత దారిన వెళ్ళి హాయిగా పలికాయి. మేము నేర్పిన మాటలు కొత్త రకంలో వచ్చేసరికి, పాతదానికే అలవాటుపడ్డ పలికించే భాగం వాటిని తీసుకోనంది. పైన నా కంప్యూటర్లో కొత్త లైబ్రరీ ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ అన్నీ పలికేవి. అందుకే నాకు తెలియలేదు.

తెలిసింది, కొత్తది పెట్టెల్లోకి ఎక్కించిన మర్నాడు, ఒక గురువారం ఉదయం. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్ళు బాగుందంటే మా యంత్రం ఇంకో ముప్పై ఆస్పత్రులకి వెళ్తుంది. పది గంటలకి ఒకసారి సరిచూద్దామని కిందికి దిగి, అప్పని ఏదైనా అనమన్నాను. పెట్టె నోరెత్తలేదు. పెట్టె తన పనంతా రాసుకునే లాగ్ తెరిస్తే ఎర్ర అక్షరాలు: మాటను మాటగా మార్చడం కుదరదు.

నాకు నవ్వొచ్చింది. ఇమాన్యుయేల్‌ని పిలిచి చూపించాను. వాడూ నేనూ ఒకేసారి ఉద్యోగంలో చేరాం, పక్కపక్క కుర్చీలు. వాడు నవ్వలేదు. రెండు లైబ్రరీలు కొట్టుకుంటున్నాయిరా, ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి, రెండు రోజుల పని అన్నాడు. రెండు గంటలే ఉంది అన్నాను.

అప్పుడు రాశాను ఆ లైను. ఎర్రర్ వస్తే పట్టుకో, బయటికి చెప్పకు, దాని బదులు ఈ మనిషి ఎక్కువసార్లు అనే మాట పలుకు. మంచంలో ఉన్న మనిషిని రోజంతా అడిగేవి ఏముంటాయి? నీళ్ళు పట్టనా, పక్కకి తిప్పనా, ఫ్యాను వెయ్యనా. ఎవరి పెట్టెలోనైనా ఎక్కువసార్లు వచ్చే మాట ‘సరే’. పైన తాత్కాలికం అని కూడా రాసుకున్నాను.

"ఒరే, దాని నోరు ముయ్యించకు. ఏం చెప్తోందో చూడు" అన్నాడు ఇమాన్యుయేల్.

సోమవారం చూద్దామన్నాను. పన్నెండు పెట్టెలకీ ఎక్కించేశాను.

పెద్దలొచ్చారు. మంచం చుట్టూ నిలబడి అప్పతో మాట్లాడారు. వాళ్ళలో ఒకాయన, అలిసిపోయినట్టున్నారు, ఇంక మమ్మల్ని వెళ్ళమంటారా అనడిగితే అప్ప గొంతు సరే అంది. అందరూ నవ్వారు. నేను వాళ్ళకంటే గట్టిగా నవ్వాను. సోమవారం ముప్పై ఆస్పత్రుల పని వచ్చిపడింది. ఆ తరవాతి సోమవారం కూడా ఏదో ఉంది.

ఆ మూడు వారాలూ వార్డులో అప్పకి మంచి పేరొచ్చింది. నాలుగో పడకావిడ ఎంత నెమ్మదస్తురాలో, దేనికీ కాదనదని ఆయాలు మెచ్చుకున్నారు. టీవీ మార్చమంటావా అంటే సరే. మధ్యాహ్నమే స్నానమా అంటే సరే. జుట్టు కత్తిరించేస్తే సుఖం కదమ్మా అంటే సరే. నడుం దాటే జుట్టు మా అప్పది. అమ్మ మందులు తేవడానికి బయటికెళ్ళిన వేళ చెవుల దాకా కత్తిరించారు. మధ్యమధ్యలో నొప్పి అనేది. ఎక్కడ అంటే మళ్ళీ నొప్పి. మాత్రలు వేసేవాళ్ళు.

అమ్మ ఒక్కతే నమ్మలేదు. జుట్టు తీసిన సాయంత్రం పైకి ఎక్కొచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులు ఎక్కిందని అప్పుడు నాకు తట్టనే లేదు.

"అది అన్నిటికీ సరే అనే పిల్లేటిరా? నువ్వెట్టిన పెట్టి అలగంటంది గానీ, దాని కళ్ళు అలగన్నేదు."

అమ్మా, కళ్ళని నువ్వు చూసి ఊహించుకుంటున్నావు, యంత్రం లోపలున్నది చూసి చెబుతోంది అన్నాను. చాలా ఓపిగ్గా, చదువు లేని మనిషికి నచ్చచెబుతున్నట్టు అన్నాను. అమ్మ నా మొహంకేసి చూసి, నీకు తెలుసు గావల అని దిగిపోయింది. అలా అంటున్నప్పుడు కూడా నాకు ఆ లైను గుర్తుంది. గుర్తు లేదని చెప్పుకుంటే బాగుండును. గుర్తుంది. అది ఎప్పుడో ఒకసారి వచ్చే ఎర్రర్ అని, అప్ప మాటలకీ దానికీ సంబంధం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

మే రెండో వారంలో, ఇంటికి సున్నం వేయించి రెండు రోజుల్లో వచ్చేస్తానని అమ్మ గరివిడి దగ్గర మా ఊరు వెళ్ళింది. మంగళవారం పొద్దున్న బావి దగ్గర బిందెతో సహా పడిపోయింది. నేను వెళ్ళేసరికి అరుగు మీద పడుకోబెట్టి ఉంది.

ఎండ మండిపోతోంది. తొందరగా శ్మశానానికి తీసికెళ్ళిపోవాలని నలుగురూ అంటున్నారు. అప్పని తీసుకురావాలంటే ఊపిరి మిషనున్న అంబులెన్సు దొరకాలి, రోడ్డు మీద నెమ్మదిగా రావాలి, సాయంత్రం దాటిపోతుంది. మా మావయ్య, అమ్మకి తమ్ముడు, సింహాద్రి, అందరినీ ఊరుకోమన్నాడు.

"దాన్నడగరా. తల్లి కడసూపు దానిది. అది ఆగమంటే ఆగుదుం. సీకటడినా పర్వానేదు."

పదకొండూ ఎనిమిదికి వార్డుకి వీడియో కాల్ చేశాను. ఆయా ఫోను అప్ప మొహం ముందు పట్టుకుంది. అమ్మ సంగతి చెప్పాను. ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. తరవాత అడిగాను.

"అప్పా, నిన్ను కదపడం కష్టమంటున్నారు. నువ్వు రాకుండానే తీసికెళ్ళిపోమంటావా?"

"సరే" అంది అప్ప గొంతు.

మావయ్య నా భుజం మీంచి వంగి, మరోసారి అడుగు అన్నాడు. అడిగాను. సరే. ఇంకేదో చెప్పబోతుంటే మళ్ళీ సరే, సరే, సరే అంటూనే ఉంది. ఫోనులో బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. అప్ప రెప్పలు కొట్టుకోవడం చూశాను. రెండూ రెండూగా కొట్టుకుంటున్నాయి. ఏడుస్తోంది అనుకున్నాను. మావయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, పెద్దమనసు దానిది అన్నాడు. రెండుంబావుకి నేను నిప్పు పెట్టాను.

కర్మకాండలన్నీ అయ్యి వచ్చేసరికి అప్ప మాట్లాడ్డం మానేసింది. పెట్టె ఉలకదు పలకదు. నీళ్ళు అని కూడా అనడం లేదు. దుఃఖమని డాక్టర్లన్నారు. పట్టీ పాడైందేమో చూడమని మా ప్రయోగశాల నడిపే మేడం నాకే చెప్పింది. ఒక బుధవారం మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, నాలుగో పడక లాగ్ మొత్తం తెరిచాను.

పట్టీ బాగానే ఉంది. ఎర్రర్‌ని బయటికి చెప్పకన్నాను గానీ, రాసుకోవద్దని చెప్పలేదు. పెట్టె అన్నీ రాసుకుంది. ప్రతి సరే పక్కనా, లోపల నిజంగా తయారైన మాట ఏమిటో ఉంది. టీవీ అడిగినప్పుడు వద్దు. స్నానమన్నప్పుడు వద్దు. జుట్టు దగ్గర వద్దు వద్దు అని ఇరవైసార్లు. పెట్టె ఇరవైసార్లు సరే అంది. తను అనని మాట తన గొంతుతోనే వినపడుతుంటే అప్ప అక్కడ పడుకుని వింది. తనకి అందుతున్న మాటల్లో కొంచెమైనా ఒప్పుకోనట్టు ఉండేది నొప్పి ఒక్కటే. అందుకే నొప్పి నొప్పి అంది. మేము మాత్రలిచ్చాం.

అమ్మ పోయిన మంగళవారం దగ్గరికి వచ్చాను. పదకొండూ తొమ్మిది నిమిషాలకి: హోల్డాన్. మళ్ళీ హోల్డాన్. మధ్యలో ఒకసారి, వస్తాను. హోల్డాన్. నేను ఫోను పెట్టేశాక కూడా ఆగలేదు. పదకొండూ యాభై రెండు దాకా ఉంది. లెక్కపెట్టాను, నూట ముప్పై ఏడు. కిందికెళ్ళి ఆయాని అడిగితే, అవును బాబూ, తల్లి పోయిన బాధలో సరే సరే అని ఒకటే కలవరింత, పక్క పడకవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని సౌండు తగ్గించాను అంది. యాభై మూడుకి లాగ్‌లో నొప్పి అని ఉంది. నర్సు ఇంజెక్షను చేసింది. నేను నిప్పు పెట్టే వేళకి అప్ప నిద్రలో ఉంది.

ఊరూ పేరూ తెలియని ప్రతివాడి కోసం బస్సాపిన మనిషి. ఆవిడ ఒక్కసారి ఆగమంటే నేను ఆగలేదు.

ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ లాగ్‌ని నాలుగు రోజులు నా దగ్గరే దాచుకున్నాను. చెరిపెయ్యడానికి ఒక్క నిమిషం చాలు. చెరిపితే నాకూ అప్పకీ తప్ప మూడోమనిషికి తెలియదు, అప్పకి చెప్పే దారి లేదు. ఈ మాట మనసులో పూర్తిగా అనుకున్నాను. అనుకున్నాక అన్నం ముందు కూర్చోలేకపోయాను. చెరపకపోవడానికి కారణం నా మంచితనమేం కాదు. మిగిలిన పదకొండు పెట్టెలు గుర్తొచ్చాయి, భయమేసింది.

ఆదివారం ఇమాన్యుయేల్ చర్చి నుంచి వచ్చేదాకా వాళ్ళ గేటు దగ్గర నిలబడి చెప్పేశాను. వాడు తిట్టలేదు. బట్టలు కూడా మార్చుకోకుండా ఆఫీసుకి వచ్చాడు. ఇద్దరం కూర్చుని పెట్టెలోకి ఏ లైబ్రరీ దేనివెంట వస్తోందో ఒక్కొక్కటే చూశాం. కంపెనీవాళ్ళ కట్టలో అడుగున పాత లైబ్రరీ నక్కి ఉంది. దాన్ని తీసేసి ఇద్దరికీ కొత్తది ఒక్కటే ఉండేలా చేసి, కంపెనీవాళ్ళ భాగాన్ని దానికి తగ్గట్టు కట్టి, నా లైను పీకేశాం. మొత్తం ఐదు గంటల పని. ఆ గురువారం నా దగ్గర లేవనుకున్న రెండు రోజులు కూడా అక్కర్లేకపోయాయి.

సోమవారం మేడానికి చెప్పాను. ఆవిడ లాగ్ మొదటినుంచి చివరిదాకా చదివింది. తరవాత పన్నెండు పెట్టెలూ ఆపించి, పన్నెండు కుటుంబాలనీ పిలిపించింది. ఒక్కో మంచం దగ్గరా వాళ్ళ లాగ్ నేనే చదవాలంది. చదివాను. ఏడో పడక పెద్దాయన, మనవడి పెళ్ళికి నన్ను తీసికెళ్ళండని లోపల అడుగుతూనే ఉన్నాడు. వద్దులెండి నాన్నా, మీకు శ్రమ అంటే పెట్టె సరే అంది. ఆయన కొడుకు నన్ను కొట్టడానికి లేచి, తండ్రికేసి చూసి కూర్చున్నాడు. కొట్టి ఉంటే నాకు బాగుండేది. నా ఉద్యోగం సంగతి పైవాళ్ళు తేలుస్తారు, అది వాళ్ళిష్టం.

అందరి దగ్గరికీ వెళ్ళాక, మర్నాడు చివరికి నాలుగో పడక దగ్గరికి వెళ్ళాను. అందరికంటే ముందు వెళ్ళాల్సింది అక్కడికే. నాకు ధైర్యం చాల్లేదు.

పొద్దున్న ఎనిమిదైంది. అప్ప కిటికీ వైపు చూస్తోంది. జుట్టు మెడమీదికి కొంచెం పెరిగింది. స్టూలు లాక్కుని అంతా చెప్పాను. లైను, ఢిల్లీవాళ్ళు, అమ్మ మూడంతస్తులెక్కి వచ్చి చెప్పడం, నేను వినకపోవడం, ఫోనులో రెప్పలు చూసి కూడా యంత్రాన్నే నమ్మడం, దాచుకున్న నాలుగు రోజులు, అన్నీ. అప్ప కళ్ళు నా మీదికి తిప్పి, చివరిదాకా తిప్పుకోకుండా వింది.

పెట్టె బాగైందప్పా, ఇప్పుడు నువ్వన్నదే పలుకుతుంది, పట్టీ కట్టనా, కడుపారా తిట్టు అన్నాను.

రెండు రెప్పలు.

పట్టీ కింద పెట్టేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లాగ్ చూసిన రోజు నుంచి లోపల తిరుగుతున్నది అప్పుడు అడిగేశాను.

"నన్ను క్షమిస్తావా అప్పా?"

చాలాసేపు ఆవిడ కళ్ళు మూయలేదు. తరవాత ఒకసారి మూసి తెరిచింది. నాకు ఊపిరాడింది. మళ్ళీ మూసి తెరిచింది. పొరపాటున పడిన రెప్ప కాదని నాకు తెలియాలని, అలాగే నా కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది.

రెండు. మా అప్ప అన్న మాట ఇన్నాళ్ళకి నాకు అన్నది అన్నట్టుగా అందింది. నేను ఏడ్చాను. దాన్ని ఇంకోలా అర్థం చేసుకోవడానికి మాత్రం ప్రయత్నించలేదు.

ఆయా వేణ్ణీళ్ళ గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇటివ్వమని అడిగి, అమ్మ వాడే గుడ్డే వెతికి తీసి, తడిపి పిండాను. మొహం తుడవనా అప్పా అని అడిగాను.

అప్ప కళ్ళు కిటికీ వైపు వెళ్ళాయి. కింద రోడ్డు మీద ఏదో బస్సు ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని, మళ్ళీ కదిలింది. గుడ్డ చేతిలో చల్లారిపోయింది. మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచి పిండి, స్టూలు ఇంకాస్త ఆవిడ కళ్ళెదురుగా జరుపుకుని, ఆగాను.